ఏడాది లోపల కొన్న కారు

మొన్న మా పిన్ని కూతురు గూడూరు నుంచి ఫోన్ చేసింది. చిన్న కారొకటి కొనాలనుకుంటున్నారట. ఒకే కారును కంపెనీవాళ్ళు రెండు రకాలుగా అమ్ముతున్నారు. ఒకటి మామూలుది, ఇంకొకటి స్పోర్ట్. మొగుడు అదంటాడు, తను ఇదంటుంది. రెండు రోజులుగా ఇంట్లో వంటకన్నా వాదన ఎక్కువైందని చెప్పి, "నీ కాడ ఉండేది ఆ రెండోదే గదక్కా, నువ్వు జెప్పు, ఏది తీసుకోమంటావు?" అని అడిగింది. మామూలుదే తీసుకోమన్నాను. "బాగుందే! నువ్వేమో సోకుది కొనుక్కొని నాకేమో సాదాది అంటగడతావా?" అని నవ్వింది. స్ప్రింగులు గట్టిగా ఉంటాయి, గుంతల రోడ్డులో నడుములు పడిపోతాయి అని చెప్పి ఫోన్ పెట్టేశాను. నేను చెప్పింది అబద్ధం కాదు. అసలు సంగతి మాత్రం అది కాదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ కారువైపు చూడకుండా వరండాలో కూర్చున్నాను.

మాది కోవూరు నుంచి తూర్పుగా సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. ఊరికి పడమర పక్క వరి, తూర్పు పక్క రొయ్యల గుంటలు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన మొదట వరి పండించి, తర్వాత గుంటలు తవ్వించారు. గుంటలు పెట్టిన ఇళ్ళలో కారును చూసే చూపు వేరుగా ఉంటుంది. మిగతావాళ్ళు మైలేజీ ఎంత, రంగేమిటి అని అడుగుతారు. మావాళ్ళు "ఎన్ని బస్తాల కారు?" అని అడుగుతారు. రొయ్యల మేత బస్తాలు డిక్కీలో ఎన్ని పడతాయో అదే ఆ కారు విలువ. ఆయన ఏ బండి కొన్నా, ముందుగా ఒక మేత బస్తా తీసుకుపోయి, డిక్కీలో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి చూసి, తర్వాతే మిగతా మాటలు మాట్లాడేవారు. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా గుంటల గట్ల మీదే. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క నీళ్ళు, మధ్యలో కారు పట్టేంత మట్టి. అక్కడ నేర్చుకున్న మనిషి వేగంగా నడపడం కష్టం. ఆయనైతే వేగంగా అసలు నడిపేవారే కాదు. హేచరీ నుంచి రొయ్య పిల్లను ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళూ ఆక్సిజనూ పట్టించి తెస్తారు. కుదుపులు ఎక్కువైతే పిల్ల దెబ్బతింటుంది. అందుకని ఆయన మెల్లగా నడపడం అలవాటు చేసుకున్నారు. వెనక పిల్ల ఉన్నా లేకపోయినా అదే నడక. పెళ్ళిళ్ళకు పోయినా, తిరుపతి పోయినా, వెనక సంచుల్లో ఏవో ప్రాణాలు ఊగుతున్నట్టే నడిపేవారు. సైకిళ్ళవాళ్ళు మమ్మల్ని దాటిపోతూ తిరిగి చూసేవారు. ఆయన పక్క సీట్లో కూర్చుని నేను నవలలు పూర్తి చేశాను.

ఆయన ఒక ఎండాకాలం పొద్దున గుంట గట్టు మీద పనివాళ్ళతో మాట్లాడుతూ ఉండగానే పోయారు. దాని గురించి ఇంతకుమించి రాయను. గుంటలు లీజుకిచ్చేశాం. ఇంట్లో నేనూ మా అత్తగారూ మిగిలాం. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. వారం వారం నెల్లూరు తీసుకుపోయి చూపించాలి. ఆయన కారు ఉప్పుగాలికీ, ఇన్నేళ్ళు మోసిన తడి వలలకూ అడుగంతా తుప్పు పట్టిపోయింది. "కాళ్ళ కింద రోడ్డు కనపడతా ఉందే!" అని మా అత్తగారు ఒకరోజు పాదాలు పైకెత్తి కూర్చున్నారు. చివరికి అది పెన్న వంతెన మీద ఆగిపోయింది. మెకానిక్ వచ్చి చూసి, టోపీ తీసి తల గోక్కున్నాడు. అదే జవాబు.

మా ఇళ్ళలో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా కొత్త వస్తువు గుమ్మం దాటి రాకూడదు. కొత్త చీర లేదు, కొత్త పాత్ర లేదు, పండగ లేదు. అలాంటిది కారెలా? బిట్రగుంటలో ఉండే మా మరిది వచ్చి, ఏడాది దాకా ఆటో మాట్లాడుకుందామన్నాడు. మా అత్తగారు వరండాలో మంచం మీద కూర్చుని కాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. "అవసరానికి కొనేది కొత్త వస్తువు ఎట్టయిద్దిరా? అది మందు సీసా లాంటిది. సోకుకి కొనేదే కొత్త వస్తువు. సాదాది చూసి తెచ్చుకోండి." ఏ శాస్త్రంలోనూ లేని ఆ మాట నాకు చాలా న్యాయంగా తోచింది. ఆ ఏడాదిలో మేమిద్దరం ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాం. ఆమె తినకపోతే నేను తినను, నేను తినకపోతే ఆమె తినరు. ఆ తీర్పు దాటకూడదనే నేను షోరూముకు బయల్దేరాను.

ఆమెను ఇంట్లో ఒంటరిగా వదలలేక వెంట తీసుకెళ్ళాను. మరిది నెల్లూరు షోరూము దగ్గర మాకోసం కాచుకుని ఉన్నాడు, పక్కన మేత బస్తాతో. గుంటలు మా చేతిలో లేవు, బస్తాలు మోసే పని ఇక లేదు. అయినా తెచ్చాడు. "అన్న ఉంటే పెట్టి చూసేవోడు గదొదినా" అన్నాడు. అద్దాల తలుపులూ, చల్లటి గాలీ, మొహం కనిపించే నేలా, దాని మీద భుజాన బస్తాతో మా మరిది. మేతలోని ఎండు చేపల పొడి వాసన ఒక్క నిమిషంలో షోరూమంతా నిండింది. కొత్తగా పెళ్ళయినట్టున్న జంట ఒకటి కారు దిగి అవతలికి పోయింది. మాకు కార్లు చూపించే పిల్ల చున్నీని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, మర్యాద గుర్తొచ్చి మళ్ళీ వదిలేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. అదే వాసన ఇన్నేళ్ళు మా ఇంట్లో, ఆయన చొక్కాల్లో ఉండేది. అప్పుడెప్పుడూ పక్కకు జరగని నేను, షోరూములో మాత్రం ఆ బస్తా ఎవరిదో తెలియనట్టు రెండడుగులు పక్కకు జరిగాను.

రెండు కార్లూ పక్కపక్కనే ఉన్నాయి. మామూలుది తెల్లగా, ఇంట్లో మనిషిలా ఉంది. స్పోర్ట్ దానికి నల్ల చక్రాలు, సీట్లకు ఎర్ర దారంతో కుట్లు, వెనక రెండు పొగ గొట్టాలు, కాస్త నేలకు వంగినట్టు నిలుచునే తీరు. మరిది బస్తాను రెంటిలోనూ పెట్టి చూశాడు. స్పోర్ట్ దాని డిక్కీలో ఒక మూలన పాటల పెట్టె ఉంది. "ఈడ ఒక బస్తా చోటు తినేసింది. పాటలు వినేదానికి బస్తా పోగొట్టుకుంటారా ఎవురన్నా?" అన్నాడు. "సార్, బాస్ బాగుంటుంది సార్" అంది ఆ పిల్ల. "బాసు మేత తింటాడామ్మా?" అన్నాడు మరిది. మా అత్తగారికి కూడా నవ్వు ఆపుకోవడానికి పెదవులు బిగించుకోవాల్సి వచ్చింది.

ముందు మామూలుది నడిపి చూశాను. పక్కన మరిది, వెనక మా అత్తగారూ ఆ పిల్లా. మెత్తగా, చప్పుడు లేకుండా పోయింది. "పడక్కుర్చీలో ఉండేట్టుంది" అన్నారు మా అత్తగారు. పని అయిపోయిందనుకున్నాం. ఆ పిల్లే, "రెండోది కూడా ఒకసారి చూడండి మేడమ్, కొనకపోయినా పర్లేదు" అంది. వద్దనడానికి కారణం కనపడలేదు. మళ్ళీ అందరం ఎక్కాం. హైవే మీదికి వచ్చి, పెన్న దాటాక కోవూరు వైపు రోడ్డు ఖాళీగా ఉంది. స్టీరింగు చేతికి బరువుగా, నేను అనుకున్న చోటికే పోతూ ఉంది. కాలు కొంచెం నొక్కాను. కారు ముందుకు దూకింది. ఇంకొంచెం నొక్కాను. పక్కన పొలాలు వెనక్కి పోతున్నాయి, ఒక లారీని దాటాను, ఇంకో దాన్ని దాటాను. నా జీవితంలో లారీని దాటడం అదే మొదలు. అప్పుడు నవ్వాను. పైకి, అందరికీ వినపడేట్టు, పదో తరగతి పిల్లలు నవ్వినట్టు. ఆ నవ్వులో ఉండగానే అద్దంలోకి చూశాను. మా అత్తగారు అద్దంలో నన్నే చూస్తున్నారు.

నేను కాలు తీసేశాను. నవ్వినందుకు మాత్రమే అయితే సర్దుకునేదాన్ని. దుఃఖంలో ఉన్నవాళ్ళకూ నవ్వొస్తుందని పుస్తకాల్లో చదివాను, చావు ఇళ్ళలో చూశాను. కానీ ఈ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆయన ఉంటే నా కాలు అంత కిందికి పోయేది కాదు. "మెల్లగా, మెల్లగా" అనేవారు. ఆ మాట అనే మనిషి పక్కన లేడు కాబట్టే ఆ వేగం, ఆ సంతోషం. దాని మూలం వెతుక్కుంటూ పోతే ఆయన చావు దగ్గరికే చేరుతుంది. నా పక్కన ఆ మనిషి లేకుండా పోయిన ఏడాదిలోనే నేను దాని లాభం అనుభవించాను. అది మా అత్తగారికి కూడా తెలిసిందని అద్దంలో చూశాను.

షోరూములో మళ్ళీ కూర్చున్నాక మరిది, "సరే, చూసేది అయింది గదా. మామూలుది, తెల్లది రాయండమ్మా" అన్నాడు. ఆ పిల్ల పెన్ను తీసింది. ఒప్పుకోవడమే నా పని. అలాంటిది, "అది కాదు, రెండోది" అని నా గొంతు వినపడింది. ఎందుకన్నానో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. కావాలనిపించింది, అంతే. అంత సిగ్గులోనూ కావాలనిపించింది.

"వదినా..." అన్నాడు మరిది, గొంతు తగ్గించి. "ఇంకా ఏడాది తిరగలా. ఊళ్ళో నవ్వుతారు."

సోఫాలో మోకాళ్ళు పిసుక్కుంటూ ఉన్న మా అత్తగారు తల ఎత్తలేదు. "ఊరు నవ్వేదేందిరా? ముందు ఇంట్లోవాళ్ళే నవ్విరి గదా" అన్నారు.

ఏమీ తెలియని ఆ పిల్ల సంతోషంగా, "అవునవ్వా, ఎప్పుడూ అందరూ నవ్వుతూనే ఉండాలి" అంది. "యాడ సంతకం పెట్టాల్నో పెట్టి లెయ్ మే. నాకు కాళ్ళు లాగతా ఉండాయి" అన్నారు మా అత్తగారు నాతో. రంగులోనైనా కాస్త తగ్గుదామని బూడిద రంగుది రాయించాను. కారు ఇచ్చేరోజు దండ వద్దన్నాం, ఫొటో వద్దన్నాం.

మా ఊరి నుంచి కోవూరు దాకా రోడ్డును ఐసు లారీలూ రొయ్యల లారీలూ నమిలేశాయి. ఆ గట్టి స్ప్రింగుల కారులో ప్రతి గుంతా లెక్కగా తెలుస్తుంది. గుంత వచ్చినప్పుడల్లా వెనక మా అత్తగారు పైన పిడిని పట్టుకుంటారు. ఎంత మెల్లగా పోయినా పట్టుకుంటారు. "నొప్పిగా ఉందా అత్తా?" అని ఒకసారి అడిగాను. "కారన్నాక కదలదా?" అన్నారు. మళ్ళీ అడగలేదు. ఊళ్ళో నేననుకున్నట్టే మాటలు మొదలయ్యాయి. నేను పోతుంటే ఆగిపోయే మాటలు. తర్వాత ఎందుకో అవి తగ్గిపోయాయి. జనానికి పాతబడిందనుకున్నాను.

ఒకరోజు నేను కారు కడుగుతుంటే పక్కింటావిడ ప్రహరీ గోడ మీదుగా తొంగి చూసి, "అయినా నువ్వు మంచిదానివి టీచరమ్మా. అత్త మాట కాదనకుండా కొన్నావు" అంది.

"ఏం మాట?"

"అదే, ఆ కారే కావాలని ఆమే పట్టుబట్టిందంట గదా. మా ఆడోళ్ళందరం నీళ్ళ ట్యాంకు కాడ నిన్ను అంటావుంటే ఆమే వచ్చి చెప్పింది. 'నా కోడలు వద్దనే అనింది. నేనే తీయించినా. నా మోకాళ్ళకి అదే మెత్తంగా ఉండాది. ముసిల్దానికి సోకు పుట్టింది, ఏం జేస్తారు?' అనింది. మేం నవ్వి నవ్వి చచ్చినాం."

నీళ్ళ గొట్టం కట్టేసి లోపలికి వెళ్ళాను. మా అత్తగారు మంచం మీద కూర్చుని మోకాళ్ళకు తైలం రాసుకుంటున్నారు. "ఊళ్ళో ఎందుకత్తా అట్లా చెప్పారు?" అన్నాను. ఆమె రాసుకోవడం ఆపలేదు. గొంతులో కోపం లేదు, నాకు తెలిసిన మెత్తదనం కూడా లేదు.

"ఏం జెప్పమంటావు మే? నా కొడుకు పోయినాక నా కోడలు నవ్విందని జెప్పమంటావా?"

నేను చెయ్యి చాపాను, తైలం నేను రాస్తానని. ఆమె సీసా మూత బిగించి పక్కన పెట్టుకున్నారు. తర్వాత, పొయ్యి మీద పాలు ఉన్నాయి చూడమన్నారు. వెళ్ళి చూశాను. పొంగి, పొయ్యంతా ఒలికిపోయి ఉన్నాయి.

ఇప్పటికీ వారం వారం నెల్లూరు పోతాం. తినే వేళకు ఒకరినొకరు పిలుచుకుంటాం. తను చెప్పిన మాట ఆమె ఊళ్ళో ఎక్కడా దిద్దలేదు, నేనూ దిద్దలేదు. ఆమె నన్ను కాపాడారో, తన కొడుకు పరువును నా దగ్గర్నుంచి కాపాడారో అడిగే ధైర్యం నాకు లేదు. సంవత్సరీకం జరిగి చాలాకాలమైంది. ఏడాది పూర్తయిందని, ఇక కొత్త వస్తువులు తెచ్చుకోవచ్చని చెప్పి పురోహితుడు వెళ్ళిపోయాడు గానీ, మా ఇద్దరి మధ్య మాత్రం ఆ ఏడాది ఇంకా జరుగుతూనే ఉంది.