గోండిలో ఒక మాట

వానలో అమీర్‌పేట నుంచి మెట్రో కలలో కదిలినట్టు కదిలింది. నా పక్కన ఆదిలాబాద్ టీచరమ్మ ఒకామె కూర్చుంది. చిన్నపిల్లలకు గోండిలో పాఠం చెప్పనివ్వమని విద్యాశాఖ ఆఫీసులో అడిగి వస్తోందట.

"ఏమన్నరు మేడమ్?" అన్నాను.

"తెలుగు చాలన్నరు, అన్న. నా చిన్నప్పుడు బడిల దూపైతుంటే 'ఏర్' అని అడిగిన. మా గోండిల ఏర్ అంటే నీళ్లు. సారుకు సమజ్ గాలే, కిటికీలకెళ్లి వాగు చూపించిండు."

నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాను.

"మరి ఇప్పుడెట్ల?"

"వద్దన్నా గోండిలనే చెప్తున్న. రేపు సుత పోయి అడుగుత."

పంజాగుట్టలో దిగుతూ ఆమె నాతో గోండిలో ఏదో అంది. అర్థం కాకపోయినా తలూపాను. తలుపులు మూసుకున్నాయి. ఏమందో అడగాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది.