మామయ్యగారి తద్దినం, కరెంటు లేని మోటారు

దయ్యాల కబుర్లు ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళి పప్పు ఏరుకునే మనిషిని నేను. దేవుణ్ణి నమ్ముకున్నాను కాబట్టి మిగతావాటితో పని పడలేదు. బడికి వెళ్ళి చదువుకోలేదు. ఇంట్లోనే మా నాన్నగారి దగ్గర నాలుగక్షరాలు, నాలుగు పురాణాలు నేర్చుకున్నాను. ఆ పురాణాల్లో రాక్షసులున్నారు కానీ, కరెంటు లేకుండా మోటారు వేసేవాళ్ళు మాత్రం లేరు.

అందుకే ఇది చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది పటమటలో చిన్న డాబా ఇల్లు. నేను, మావారు శ్రీధర్, మా అత్తయ్యగారు ఉంటాం. మొన్నటి తుఫానుకు వీధి మొదట్లోని చెట్టు తీగల మీద పడి, కరెంటు స్తంభాన్ని కూడా కూల్చేసింది. అమ్మవారి దయవల్ల మనుషులకేమీ కాలేదు. ఇంట్లో గ్యాసుంది, బియ్యమున్నాయి. లేనిది కరెంటొక్కటే. కరెంటు లేకపోతే బోరు మోటారు తిరగదు, మోటారు తిరగకపోతే డాబా మీది ట్యాంకులోకి నీళ్ళెక్కవు. స్నానాలు చెంబుల్లోకి, భోజనాలు అరిటాకుల్లోకి దింపి కొన్నాళ్ళు నెట్టుకొచ్చాం. ఆ తర్వాత కొళాయి తిప్పితే గాలి వచ్చింది.

సరిగ్గా అప్పుడే మామయ్యగారి తద్దినం వచ్చింది.

వీధి చివరికి నీళ్ళ ట్యాంకరు వస్తోంది. అందరూ ఆ నీళ్ళే తెచ్చుకుంటున్నారు, మేమూ తాగాం. కానీ తద్దినం వంటకు అవి పనికిరావన్నారు అత్తయ్యగారు. మడి నీళ్ళే కావాలి. మా ఇంట్లో మడి నీళ్ళకొక పద్ధతుంది. పూర్వం పల్లెలో తడిబట్టతో నూతిలోంచి తోడుకునేవారట. పటమటలో మాకు నుయ్యి లేదు కాబట్టి, బోరూ నుయ్యి లాంటిదేనని అత్తయ్యగారే తీర్మానించారు. తలస్నానం చేసి, తడిచీరతో వచ్చి, షాకు కొట్టకుండా అప్పడాల కర్రతో మోటారు స్విచ్చి వేస్తారు. అలా ఎక్కిన నీళ్ళే మడి నీళ్ళు. ఏటా ఇదే వరస.

ముందు రోజు శాస్త్రిగారు స్కూటరు మీద వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. "వంటా వార్పూ పెట్టుకోకండమ్మా. బియ్యం, పప్పు, కూరలు పళ్ళెంలో పెట్టి స్వయంపాకం ఇచ్చెయ్యండి. శాస్త్రం ఒప్పుకుంటుంది" అన్నారు.

"శాస్త్రం ఒప్పుకుంటుందండీ, ఆయన ఒప్పుకోరు. పచ్చి బియ్యం చూసి ఊరుకునే మనిషా?" అన్నారు అత్తయ్యగారు.

శాస్త్రిగారు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక అత్తయ్యగారు వంటింటి గడప దగ్గర కూలబడ్డారు. "ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదే అమ్మాయ్. ఆకలితో వచ్చి, ఊరికే వెనక్కి పోతారే" అని కళ్ళు తుడుచుకున్నారు. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆవిడ మాట దక్కించు తల్లీ అని దండం పెట్టుకున్నాను.

తెల్లారింది. కరెంటు రాలేదు. నేను డాబా ఎక్కి ట్యాంకు చూశాను. మూత బిగించే ఉంది, దాని మీది రాయి పెట్టినచోటే ఉంది. తీసి చూస్తే అడుగున కాస్త మడ్డి కనబడింది. మళ్ళీ మూత పెట్టి రాయి పెట్టాను. వాన ఎప్పుడో వెలిసిపోయి ఎండ కాస్తోంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత అందరూ ఇవే అడిగారు.

నేను దిగేసరికి అత్తయ్యగారు, దాచిపెట్టిన బిందెడు నీళ్ళతో తలస్నానం చేసేశారు. తడిచీరతో, చేతిలో అప్పడాల కర్రతో స్విచ్చి దగ్గరికి నడుస్తున్నారు.

"కరెంటు లేదే అమ్మా" అన్నారు మావారు.

"తెలుసులేరా. నా పని నేను చేస్తాను, వాళ్ళ పని వాళ్ళు చేస్తారు."

"వాళ్ళంటే? కరెంటాఫీసు వాళ్ళా?"

"నోర్మూసుకుని స్నానానికి పద."

"దేంతో చెయ్యను? ఆ బిందె నువ్వే పోసేసుకున్నావుగా!"

ఆవిడ స్విచ్చి వేశారు. టక్కుమంది, అంతే. మావారు నా వైపు చూసి నవ్వారు. నేను నవ్వాపుకోలేక చెంగు అడ్డం పెట్టుకున్నాను. తర్వాత స్వయంపాకానికని పళ్ళెంలో కంద, అరటికాయలు సర్దుతూ కూర్చున్నాను.

కాసేపటికి పెరట్లో గచ్చు మీద నీళ్ళు పడుతున్న చప్పుడయింది. ట్యాంకు నిండి పొర్లేటప్పుడు గొట్టంలోంచి పడే చప్పుడే.

పక్కింటి కుమారిగారు గోడ మీంచి, "ఏవండీ, మీ ట్యాంకు నిండిపోయిందండీ, మోటారు కట్టెయ్యండీ!" అని కేకేశారు.

"ఆ, కట్టేస్తున్నానండీ" అని నేను లేచాను కూడా. నాలుగడుగులు వేశాక గానీ కరెంటు లేదన్న సంగతి తట్టలేదు. కుమారిగారికీ అప్పుడే తట్టినట్టుంది. "అవునూ..." అని నోరు తెరిచి అలాగే ఉండిపోయారు.

నీళ్ళు ధారగా పడుతున్నాయి. మావారు ఫ్యాను స్విచ్చి వేశారు. తిరగలేదు. వెళ్ళి మోటారు మీద చెయ్యి పెట్టి చూశారు. చల్లగా, కదలకుండా ఉంది. ఆయన మొహం పాలిపోయింది.

అత్తయ్యగారికి మాత్రం విసుగొచ్చింది. "ఏం చూస్తున్నార్రా, నీళ్ళు వృథాగా పోతుంటే!" అంటూ అప్పడాల కర్రతో స్విచ్చి కట్టేశారు.

ధార ఆగిపోయింది.

నేనూ మావారూ తలస్నానాలు చేశాం. కూర, పెరుగు పచ్చడి, పరమాన్నం అన్నీ ఆ నీళ్ళతోనే వండాను. మిక్సీ లేదు కాబట్టి గారెల పప్పు మావారే రోట్లో రుబ్బారు. భయానికేమో, ఆయన చేతులు నేనెన్నడూ చూడనంత చురుగ్గా ఆడాయి. స్వయంపాకం పుచ్చుకుందామని వచ్చిన శాస్త్రిగారు వంట వాసనకు గుమ్మంలోనే ఆగి, భోక్తల కోసం స్కూటరు వెనక్కి తిప్పారు.

భోక్తలు చెమటలు కక్కుతూ భోంచేస్తుంటే అత్తయ్యగారు విసనకర్ర విసురుతూ గాల్లోకి చూసి, "ట్యాంకు నింపినవారు ఆ ఫ్యాను కూడా తిప్పొచ్చుగా" అన్నారు. ఫ్యాను తిరగలేదు. అబద్ధమెందుకు చెప్పాలి.

కరెంటు వచ్చాక మోటారు వేస్తే ఉలుకూ పలుకూ లేదు. మెకానిక్కు విప్పి చూసి, వైండింగు కాలిపోయిందన్నాడు. ఎప్పుడు కాలిందో అతనికీ తెలియదు. పక్కింటి ట్యాంకు నీళ్ళేమో అన్నాడు. పక్కింటి కుమారిగారు ఆ పూట బిందెలు పట్టుకుని మా ఇంటికే వచ్చారు. మావారు గాలి ఒత్తిడి అంటారు. ఏ గాలండీ అంటే మాట మారుస్తారు.

నాకూ తెలియదు. ఎంత ఆలోచించినా అంతుపట్టదు. దండం పెట్టుకున్నాను, నీళ్ళు వచ్చాయి. ఆ రెంటికీ మధ్య ఏం జరిగిందో నా చదువుకు అందలేదు. దయ్యాలంటే నమ్మకం మాత్రం ఇప్పటికీ లేదు.

ఆ మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, అత్తయ్యగారు పెరట్లో తడి గచ్చు పక్కన కూర్చుని, "తృప్తిగా తిన్నారే అమ్మాయ్" అన్నారు.

ఎవరని నేనడగలేదు.