నకిలీ గేటు అరవాలి

మాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పిన మాస్టారు పోయారు. ఆ కబురు కాలేజీ వాట్సాప్ గ్రూపులో, ల్యాబ్ ఫ్యాను రిపేరు మెసేజ్ కింద వచ్చింది. గుండెపోటట. ఆ తర్వాత వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది.

రాయ్‌పూర్‌లో ఆయన క్లాసులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. రైల్వే కాలనీ తెలుగు పిల్లనని తెలిసిన రోజునుంచి "ఏమ్మా" అనే పిలిచేవారు.

దగ్గర్లోని తిల్దాలో ఒక రైస్ మిల్లులో లారీలు తూచే కాటాకి ప్రోగ్రాం రాయడం మా ప్రాజెక్టు. లారీ బరువు నమోదయ్యాకే గేటు లేవాలి. టెస్టులో నిజం గేటు ఉండదు కదా, దాని బదులు ఒక నకిలీ గేటుని నిలబెడతాం. దాన్నే మాక్ అంటారు. ప్రోగ్రాం నుంచి అనుకోని ఆదేశం వస్తే ఆ మాక్ ఏం చేయాలి? చాలామంది దాన్ని నోరు మూసుకుని ఉండేలా రాస్తారు. మాస్టారు ఒప్పుకోలేదు.

"సర్, ప్రోగ్రాం నకిలీ కాటాని బరువెంతని ఒకసారి ఎక్స్‌ట్రా అడిగినా ఫెయిలేనా?" అన్నాను.

"అడిగితే ఏం పోయిందమ్మా, చెప్పి ఊరుకోమను. బరువు నమోదవకుండా గేటు లేపమంటే మాత్రం అరవాలి. గేటు లేస్తే డ్రైవరు లారీ కదిలిస్తాడు. వెనక తాడు బిగించేవాడు వాడికి కనిపించడు."

ఆ అరుపు ఆయనే రాశారు. తెర మీద ఎర్రగా, తెలుగులో: "ఎవరు లేపమన్నారు?" ఆ అక్షరాలు రాని నా స్నేహితులు, "అరే, సర్‌జీ ఫిర్ డాంట్ రహే హైఁ" అని నవ్వేవాళ్లు. సర్ తిడుతున్నారని మాత్రం అందరికీ అర్థమయ్యేది.

ఒకసారి గేటు ముందే లేచినా టెస్టు పాసైనట్టు పచ్చగా వచ్చింది. ఏ పొరపాటు ఎదురైనా మింగేసి ముందుకు పోయేలా మా టీంలో ఒకడు ప్రోగ్రాం రాశాడు. మాక్ అరిచింది, ఆ అరుపుని ప్రోగ్రాం మింగేసింది.

"గొంతు నొక్కేశారన్నమాట. అయితే మాక్‌ని గుర్తుపెట్టుకోమను, టెస్టులన్నీ అయ్యాక ఆఖర్న మళ్లీ చెప్తుంది," అని మాస్టారు మాక్‌ని అలాగే మార్చారు.

సంతాప సభలో విభాగాధిపతి, "ఎవరితోనూ గొడవపడని మనిషి" అన్నారు. ఎంత అబద్ధం! మాస్టారు గొడవపడింది ఈయనతోనే. మాక్‌ల నోరు మూయించి అన్నీ పచ్చగా చూపించమంటే, మా అందరి ముందే కుదరదన్నారు. అందుకే మాస్టార్ని ల్యాబ్ నుంచి తీసేసి స్టోర్‌రూంలో కూర్చోబెట్టారు. గేటు ముందే లేచే తప్పు ప్రోగ్రాంలో అలాగే ఉండిపోయింది.

సభ అయిన సాయంత్రమే విభాగాధిపతి నన్ను పిలిచారు. "బేటా, వో తెలుగు వాలీ లైన్ హటా దో. కల్ మిల్‌వాలే ఆ రహే హైఁ." రేపు మిల్లువాళ్లు వస్తున్నారు, ఈలోగా ఆ తెలుగు లైను తీసేయాలట.

"సర్, ముందు తప్పు సరిచేయాలి," అని హిందీలోనే చెప్పాను.

"బాద్ మేఁ," తర్వాత చూద్దామన్నారు.

నేను ఆ లైను తీయలేదు.

మర్నాడు మిల్లు యజమాని ఎదురుగా కూర్చున్నాడు. టెస్టులు నడిపాను. పచ్చ గీతలు ఒకదాని కింద ఒకటి దిగుతుంటే విభాగాధిపతి చిరునవ్వు నవ్వారు. అన్నీ అయిపోయాక, ఆఖర్న, ఎర్రగా ఒక్క వాక్యం.

యజమాని ముందుకు వంగాడు. "యే క్యా లిఖా హై, బిటియా?"

ఎవరు లేపమన్నారని రాసుందని, బరువు పడకముందే గేటు లేస్తోందని హిందీలో చెప్పాను. యజమాని విభాగాధిపతి వైపు తిరిగాడు. విభాగాధిపతి కళ్లద్దాల మీద మాస్టారి ప్రశ్న ఎర్రగా వెలుగుతూనే ఉంది.