రెక్క లోపలి పూత

మా తమ్ముడు పోయాడు. బెంగుళూరు నుంచి వచ్చే సాయంత్రం రైలు మారికుప్పంలో ఆగింది. అందరూ దిగారు, అతను దిగలేదు. ఆ తరువాత లైను లేదు కాబట్టి రైలు అక్కడే నిలబడి ఉంది. బంగారు మైనులో ఉన్నప్పటి నుంచి అతనికి తోడుగా ఉన్నవాడు, రోజూ అదే పెట్టెలో పోయివచ్చే స్నేహితుడు, మా ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా నిలబడ్డాడు.

"అక్కా, నిద్రపోతా ఉండాడనుకుంటి. తట్టితే లేస్తా లేడక్కా."

నేను దేవుడి దగ్గర ఉన్నాను. దీపంలో ఇంకాస్త నూనె పోసి, అతని వెంట నడిచాను.

మీలో ఆ రైల్లో తిరిగినవాళ్ళుంటే మా తమ్ముణ్ణి చూసే ఉంటారు. కిటికీ పక్కన కూర్చునే సన్నటి మనిషి. గోళ్ళ అంచుల్లో ఎప్పుడూ తేనె రంగు మరకలు. అవి వార్నిష్ మరకలు. మా తమ్ముడు ఇంట్లో విమానం కట్టాడు.

ఒక్క మనిషి కూర్చునే కొయ్య విమానం. దాని కొలతల పటాలు విదేశం నుంచి పోస్టులో వచ్చాయి. మైను నడిచినన్నాళ్ళు అతను యార్డులో వడ్రంగి. సొరంగాల పైకప్పుకు ఆనించే దుంగలు కోసేవాడు. మైను మూసేశాక బెంగుళూరులో కొయ్య నమూనాలు చేసే పనికి చేరాడు. భూమి కిందికి పోయే కొయ్య నుంచి గాల్లోకి పోయే కొయ్య దగ్గరికి ఎలా వచ్చాడో నేను అడగలేదు. మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకునే మనుషులం కాము. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. చుట్టుపక్కల మైను కార్మికుల లైన్లలో ఇళ్ళు ఒక్కొక్కటే తాళాలు పడ్డాయి. అమ్మ కూడా పోయాక ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరం, విమానం.

మా చెల్లెలి భర్త మాలూరులో ఇటుకల బట్టీ నడుపుతాడు. వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే మొదలుపెట్టేవాడు.

"ఏం బావా, రెక్కలొస్తా ఉండాయా? నన్నట్లా కోలారు మార్కెట్ కాడ దించితే టమాటాలు తెచ్చుకుంటా."

"టమాటాలెక్కితే నువ్వు దిగల్లప్పా. ఇద్దర్నీ మొయ్యదు."

మా తమ్ముడి మాటల్లో అది పొడవైన మాట కిందే లెక్క.

విమానం కట్టడమంటే ఎగరడం గురించి అనుకుంటాం. అతని కాలం ఎక్కువగా గడిచింది పూత దగ్గర. రెక్క లోపల బోలుగా ఉంటుంది. పొడుగునా ఒక దూలం, దానికి అడ్డంగా పక్కటెముకల్లాంటి సన్నని కొయ్యలు, పైనా కిందా పలుచని ప్లైవుడ్. ఆ ప్లైవుడ్ అంటించేశాక లోపలికి చెయ్యి పోదు, చూపు పోదు. లోపల చెమ్మ చేరి కొయ్య పుచ్చినా బయటికి తెలియదు. అందుకని మూయకముందే లోపలంతా వార్నిష్ పూయాలి. కానీ జిగురు పడే చోట వార్నిష్ తగలకూడదు, తగిలితే ప్లైవుడ్ పట్టుకోదు. అలాంటి చోట్ల టేపు అంటించి, మిగిలినదంతా పూసి, మెల్లగా టేపు తీసేవాడు. మొదటి పూత పలచగా, కొయ్య తాగేటట్టు. కోసిన చివరలకు మాత్రం మళ్ళీ మళ్ళీ పూసేవాడు. "చివర్లకు దాహమెక్కువక్కా," అనేవాడు.

రెక్క కిందివైపు, ఎముకకూ ఎముకకూ మధ్య ప్రతి అరకూ ఒక చిన్న రంధ్రం పెట్టాడు. ఇంత జాగ్రత్తగా పూసి మళ్ళీ రంధ్రమెందుకని అడిగాను.

"నీళ్ళు రాకుండా ఎవుడాపుతాడక్కా? యాడనో ఒకచోట వస్తాయి. వచ్చినవి పొయ్యేదానికి దారి పెట్టల్ల."

బయటి ఊళ్ళవారికి ఒక సంగతి చెప్పాలి. గాలి లేస్తే బంగారం తీశాక మిగిలిన మా ఊరి సైనైడ్ దిబ్బల మీది తెల్లటి మెత్తని దుమ్ము ఇళ్ళలోకి వస్తుంది. అన్నం మీద, పక్క మీద, దేవుడి పటాల మీద. తడి వార్నిష్ మీద పడితే ఆ పూతంతా గరుకు కాగితంతో రుద్ది తీసేయవలసిందే. వాన పడితే దుమ్ము అణుగుతుంది, కానీ చెమ్మగాలికి పూత విరిగిన పాలలా తెల్లబారుతుంది. కాబట్టి వాన వెలిసి, ఎండ కాసి, దిబ్బలు ఇంకా ఆరని పూట దొరకాలి. అది ఆదివారం కూడా కావాలి. అలాంటి పూట దొరికితే అతని ముఖం చూడాలి. నేను అమ్మ పాత నూలు చీరలు తడిపి, గట్టిగా పిండి, తలుపుకూ కిటికీలకూ కట్టేదాన్ని. తరువాత గదిలో తిరగకూడదు. అతను పూసేవాడు. నేను మూలన పీట మీద కూర్చుని జపం చేసుకునేదాన్ని. అతని కుంచె చప్పుడు, నా పెదవుల చప్పుడు. మా ఇంట్లో మేము అంతకంటే దగ్గరగా ఉన్నది లేదు.

అమ్మ ఉన్న రోజుల్లో ఒక ఆయుధపూజ నాడు, అతను పూలకు పోయి వచ్చేసరికి, గోడకు ఆనించి పెట్టిన రెక్క ఎముకలన్నిటికీ అమ్మ నువ్వుల నూనె రాసి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టింది. ప్రతి శుక్రవారం గడపకు చేసే సేవే. ఆ సేవ వల్లే మా తాతల నాటి గడప ఇంకా గట్టిగా ఉందని ఆమెకు గర్వం.

"పాపం, కొయ్యలు ఎండిపోయి ఉండాయి నాయనా. ఒంటికి రాసినట్ల రాసినా. ఇంగ చెదలు కూడా రాదు."

అతను చేతిలోని పూలు ఆమెకు ఇచ్చాడు.

"బాగా రాసినావమ్మా," అన్నాడు.

నూనె తాగిన కొయ్య మీద జిగురు నిలవదట, వార్నిష్ ఆరదట. నాకు తరువాత చెప్పాడు. ఆ ఎముకలన్నీ పక్కన పెట్టి, మళ్ళీ కొత్తవి చేసుకున్నాడు. పాతవి ఏమయ్యాయో అమ్మకు తెలియలేదు. వంటింట్లో గరిటెలు తగిలించే పట్టీ కొత్తగా వచ్చిందని మాత్రం సంతోషించింది. ఆ తరువాత ప్రతి ఆయుధపూజకూ ఒక పనికిరాని ముక్కను శుభ్రంగా చిత్రిక పట్టి ఆమె చేతిలో పెట్టేవాడు. "దీనికి పెట్టమ్మా. విమానానికంతా ఇదే ముఖ్యం." ఆమె దానికి కడుపునిండా నూనె పట్టించేది. అమ్మ పోయాక కూడా ముక్క ఇవ్వడం మానలేదు. నేను పెట్టేదాన్ని.

ఇంజను రాలేదు. అనుమతులూ రాలేదు. ఒకసారి మాత్రం అడిగాను, ఇది ఎగురుతుందా అని. కుంచె తుడుచుకుంటూ అన్నాడు: "ఎగిరేది దేవుడెరుగు. ఎగరకపోయినా పుచ్చగూడదు కదక్కా."

అతను పోయేనాటికి ఒక రెక్క పూర్తయి ముందుగదిలో గోడకు ఉంది. రెండోది లోపలి గదిలో బల్ల మీద తెరిచి ఉంది. కర్మలయ్యాక చెల్లెలి భర్త దాని చుట్టూ తిరిగి చూశాడు. అతనిది చెడ్డ మనసు కాదు. ఒంటరిగా ఉన్న ఆడమనిషికి ఇల్లు ఖాళీ చేసి ఇవ్వాలనుకున్నాడు.

"వదినా, ఎవురెక్కుతారు దీన్ని? టెంపో పంపిస్తా. బట్టీకి బాగా మండుతాది. నువ్వు కూడా మాలూరికి వచ్చేయి."

చెల్లెలు నేల చూపులు చూసింది.

"ఎగిరేది కాదప్పా," అన్నాను. "ముందీ రెక్క మూయల్ల. మూసినాక నువ్వు చెప్పినట్ల ఆలోచిస్తాను."

"మూసేదెవురు? వానలొస్తా ఉండాయి. ఈలోపల కొయ్య చెడిపోతే అప్పుడైనా పంపిస్తావా?"

పంపిస్తానని మాట ఇచ్చాను.

తమ్ముడి స్నేహితుణ్ణి పిలిపించాను. అతను టార్చి వేసి ఒక్కొక్క అర చూసుకుంటూ పోయి, చివర ఆగాడు.

"జిగురు నేను పెడతానక్కా. కానీ ఈ కొసన ఇంగా పూత పడలేదు, కొయ్య పచ్చిగానే ఉండాది. పూత నాకు రాదు. నాది దుంగల చెయ్యి. నువ్వు చూసినావు కదా, నువ్వే పూయి."

"చూసినంత మాత్రాన వస్తాదాప్పా?"

"రాకపోతే రుద్ది మళ్ళీ పూయి. వాడు చేసింది అదే కదా."

వాన కురిసి వెలిసింది. ఆదివారం కాదు. ఇప్పుడు ఆదివారం కోసం చూడవలసిన పని లేదు. చీరలు తడిపి కట్టాను. జిగురు పడే చోట్ల టేపు అంటించాను. మొదట పలచగా పూశాను. కొయ్య తాగింది. చివరలకు మళ్ళీ పూశాను. పూస్తున్నంతసేపూ మూల నుంచి ఏదో చప్పుడు రావాలని అనిపించింది. పీట ఖాళీగా ఉంది. కుంచె పట్టుకుని జపం చేయడం కుదరలేదు. ఆ పూట నా ప్రార్థన పూతే అయింది.

పూత ఆరి, టేపు తీశాక, స్నేహితుడు మళ్ళీ టార్చి వేసి చూశాడు.

"యాడ వాడు పూసింది, యాడ నువ్వు పూసింది? గీత కనిపిస్తా లేదక్కా," అన్నాడు.

జిగురు రాసి, ప్లైవుడ్ ఒక కొస నుంచి పరుచుకుంటూ వచ్చాం. ఒక్కొక్క అరలో వెలుతురు ఆరిపోతూ వచ్చింది. జిగురు పట్టేదాకా మీద ఇసుక సంచులు పెట్టాడు. లోపలిది ఇక ఎవరూ చూడరు.

సంచులు దించిన రోజు, రెక్కను మొదటిదాని పక్కకు చేర్చాలి. "నలుగుర్ని పిలుచుకొస్తా ఉండక్కా," అన్నాడు.

"వద్దప్పా. నేను పడతాను."

అతను ముందు పట్టాడు, నేను వెనక. మా తమ్ముణ్ణి తీసుకుపోయిన నాడు ఆడవాళ్ళం వాకిట్లోనే ఆగిపోయాం. మోసే పని మాకు లేదు. ఇప్పుడు రెక్క కొస నా భుజం మీద ఉంది.

"బరువుండాదా అక్కా?" ముందు నుంచి, వెనక్కి తిరగకుండా అడిగాడు.

లేదన్నాను. తడి ఆరిన చీరంత ఉంది.

అతను గుమ్మం దాటి ముందుగదిలోకి వెళ్ళాడు. నేనింకా లోపలి గదిలోనే ఉన్నాను. మా ఇద్దరి మధ్య, గుమ్మానికి తగలకుండా, మెల్లగా రెక్క పోతూ ఉంది.