దూడ మెడకి కొబ్బరినూనె

నా చిన్నప్పుడు కనకాలపేటలో మా అమ్మమ్మగారి పెయ్యదూడకి, పలుపుతాడు ఒరుసుకుని మెడ మీద రేగిపండంత పుండు పడింది. దానికి మూడుపూటలా వేపనూనె రాసే పని నాకు అంటగట్టారు. ఇంట్లో అంతమంది ఉండగా నేనే ఎందుకంటే, అది నా మాటే వింటుందట. ఏం వినడం! నూనె గిన్నె చూడగానే అది గంతులేసేది, నేను పేడలో జారేదాన్ని. ఇక ఆ కంపు! గోదావరి మీద వెళ్ళే పడవవాళ్ళు ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో తెడ్డు వేసేవారు. నమ్మకపోతే మీ ఇష్టం. సబ్బు అరిగిందే కానీ నా చేతుల వాసన మాత్రం వదల్లేదు. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల బల్ల మారిపోయింది.

విసుగెత్తి, మూడో రోజు నుంచి తలకి రాసుకునే కొబ్బరినూనె రాయడం మొదలుపెట్టాను. ఏదైనా నూనే కదా! తల్లి ఆవు దాన్ని కమ్మగా నాకేసేది. నేను మళ్ళీ రాసేదాన్ని, అది మళ్ళీ నాకేది. వేపనూనె చేదుకి ఆవు మూతి పెట్టదనీ, ఈగ వాలదనీ నాకేం తెలుసు? నాలుగు రోజులకి పుండు తడితడిగా అరచేతంత అయి పురుగు పట్టింది. దూడ పాలు సరిగ్గా తాగక మూల పడుకుంది.

అమ్మమ్మ నన్ను పిలిచింది.

"నూనె రాస్తన్నావా?"

"రాస్తన్నానే అమ్మమ్మా! నిన్న గద్దొచ్చి పొడిచింది, అందుకే పెద్దదైంది."

"ఎంతుందే గద్ద?"

"నీ అంత!"

అమ్మమ్మ నవ్వలేదు. నా చెయ్యి లాగి వాసన చూసింది.

"ఏవే, వేపనూనె రాసిన చెయ్యి కొబ్బరుండలా ఉందేంటే?" అంది. "ఎన్ని కోతలన్నా నాకు కొయ్యి, వింటాను. దాని పుండు వినదే."

కొట్టలేదు. కర్పూరం పొడి చేసి పుండులో కూరింది. బయటికొచ్చిన పురుగుల్ని పుల్లతో ఒక్కొక్కటే తీస్తుంటే, దూడ తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చోమంది. అది అరవడానికి కూడా ఓపిక లేక నా మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు కంటే రెండు దెబ్బలు నయం. తర్వాత పది రోజులు నేనే వేపనూనె రాశాను, ఆ కంపు చేతుల్తోనే అన్నం తిన్నాను. పదకొండో నాడు అది లేచి వెళ్ళి తల్లి పొదుగుని ఒక్క కుమ్ము కుమ్మింది.

కోతలు కోయడం నేనిప్పటికీ మానలేదు. మానితే మా వీధిలో ఎవరికీ పొద్దుపోదు. కానీ మా అత్తయ్యగారికి సుగరు మాత్ర వేశావా అని మా ఆయన అడిగినప్పుడు, మరిచిపోతే మరిచిపోయానని అక్కడికక్కడే చెప్పేస్తాను. ఆయన ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. అరవనీండి. ఆ అరుపుల మధ్యనే నేను మంచినీళ్ళ గ్లాసూ మాత్రా పట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్తాను.