ఏటికి బండి ఇచ్చిన మా రత్నత్త

నిన్న పొద్దున్నే నాయన ఫోన్.

"రత్నక్క పోయింది పాపా" అన్నాడు.

"యాడికి నాయనా?" అన్నాను.

నిజంగానే అడిగాను. మొన్న సాయంత్రమే అత్త వాయిస్ మెసేజ్ పెట్టింది, ఆదివారం రెడీగా ఉండు, ఎక్కడికో తర్వాత చెప్తా అని. నన్ను వదిలేసి ముందే బయల్దేరిందేమో అనుకున్నాను.

అవతల నాయన ముక్కు చీదిన చప్పుడు వినపడింది. అప్పుడు అర్థమైంది.

నిద్రలోనే పోయిందట. ఇంత తిరిగిన మనిషి మంచం మీద పోయిందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. రత్నత్త మా నాయనకు అక్క. మామ చిన్న వయసులోనే చనిపోతే, పిల్లలు లేరు, ఒక సూట్‌కేసుతో పామిడికి మా ఇంటికొచ్చింది. నాయనకు కిరాణా అంగడి. అక్క ఇంట్లో దేవుడి దీపం పెట్టుకుంటూ నెమ్మదిగా ఉంటుందని ఆయన లెక్క.

అత్త ఒక సెకండ్ హ్యాండ్ మోపెడ్ కొనింది.

పెన్న ఏట్లో ఇసుకలో డ్రైవింగ్ నేర్చుకుంది. పడినా దెబ్బ తగలదని! తర్వాత వెనక చీరల మూట కట్టుకొని కళ్యాణదుర్గం వైపు పల్లెలన్నీ తిరిగి అమ్మేది. మూట లేని రోజు వీధిలో ఎవరో ఒక ఆడమనిషిని ఎక్కించుకునేది. ఒకామెకు ఆసుపత్రి, ఒకామెకు సినిమా, ఒకామెకు ఊరికే గాలి మార్పు.

నాయనకు ఇవన్నీ నామోషీ. అంగట్లో కూర్చుంటే వచ్చినవాడల్లా "మీ అక్క ఆడ కనపడింది, ఈడ కనపడింది" అని చెప్పి పోయేవాడు.

ఇక అసలు కథ.

నేను అప్పుడు టెన్త్. మా పెన్న సంగతి తెలిసిందే కదా, పేరుకే ఏరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి దాంట్లో నీళ్లు చూసిందే లేదు. క్రికెట్ ఆడ్డానికి, బట్టలు ఆరేయడానికి, బండ్లు పెట్టుకోవడానికి... ఏరంటే మాకు అదే.

ఆ ఏడాది పైన వానలు పడ్డాయి. నీళ్లొస్తున్నాయని ఊరంతా ఒకటే గోల. ఏటికి నీళ్లొస్తే గంగమ్మకు చీర, పసుపు కుంకుమ ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. అందరూ గట్టు మీద కొబ్బరికాయలు పట్టుకొని నిలబడ్డారు.

అత్త మాత్రం గట్టు మీద ఆగితే కదా. "ఎదురుపోయి ఇస్తాం పా పాపా" అని ముందర చీరల మూట, వెనక నన్ను ఎక్కించుకొని నేరుగా ఏట్లోకి దిగింది. నడిమధ్యలో స్టాండ్ వేసింది. రోజూ పెట్టే చోటే!

నీళ్లకు ఎదురు పోవడానికే కదా వచ్చాం, ఆ నీళ్లు వచ్చేది ఇక్కడికే అని మా ఇద్దరికీ తట్టలేదు. పెన్నలో ఏళ్ల తరబడి నీళ్లు చూడనివాళ్లకు ఎలా తడుతుంది చెప్పండి?

బండి దగ్గర్నుంచి చాలా దూరం నడిచాం. అప్పుడు కనపడింది. సినిమాల్లో లాగా అల ఏమీ లేదు. పాలు పొంగి పొయ్యి గట్టు మీద పారినట్టు, నురగతో, కంపముళ్లతో, ఎవరిదో ఒంటి చెప్పుతో మెల్లగా వచ్చింది. అత్త చెప్పులు విడిచి, మంచి ఎర్రంచు చీర నీళ్లలో వదిలి దండం పెట్టింది. కళ్లనిండా నీళ్లు. తర్వాత చిన్నపిల్లలాగా నీళ్ల ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ ఒకటే నవ్వు.

గట్టు మీద జనం అరుస్తున్నారు. మమ్మల్ని చూసి సంతోషపడుతున్నారేమో అనుకొని మేము చేతులు ఊపాం.

"బండీ... బండీ!" అంటున్నారు.

పరిగెత్తాం. మేము చేరేసరికి చక్రాలు మునిగాయి. అత్త కిక్కు మీద కిక్కు కొట్టింది. స్టార్ట్ కాలేదు. కింద ఇసుక జారి బండి ఒక పక్కకు ఒరిగింది. అత్త బండికి కట్టిన చీరల మూట విప్పి నా నెత్తిన పెట్టి, నా చెయ్యి పట్టుకొని గట్టుకు లాక్కొచ్చింది. వెనక్కి తిరిగి, మొత్తం ఊరు వినేలా అరిచింది:

"ఏమమ్మా గంగమ్మా! చీర ఇస్తే బండి కూడా అడుగుతావా తల్లీ!"

గట్టు గట్టంతా నవ్వు. నాయన ఒక్కడే నవ్వలేదు.

"పీడ పోయింది. ఇంక ఇంట్లో కూసో" అన్నాడు.

ఆ రాత్రి వంటింట్లో అత్త ఏడ్చింది. నేను చూసింది ఆ ఒక్కసారే. "బండి ల్యాకపోతే నేను మీ నాయన ఇంట్లో దిక్కులేక పడుండే ఆడదాన్ని పాపా, అంతే" అనింది.

నీళ్లు తగ్గాక తెల్లారకముందే పార తీసుకొని పోయింది. హ్యాండిల్ ఒక్కటే బయట కనపడుతోంది. తవ్వింది. మెకానిక్ మస్తానన్న దాన్ని మొత్తం విప్పి, "అక్కా, దీంట్లో పెట్రోలు కంటే ఇసుకే ఎక్కువుండాది" అని తల పట్టుకున్నాడు.

కానీ స్టార్ట్ చేశాడు!

అత్త దాన్ని నేరుగా మా అంగడి ముందు ఆపి హారన్ కొట్టింది. హారన్ కూడా పుక్కిలించినట్టు మోగింది. "ఎక్కుతావా తమ్ముడా?" అనింది. నాయన తూకం వేయడంలో బిజీ అయిపోయాడు. ఆయన ఆ బండి ఎప్పుడూ ఎక్కలేదు.

నిన్న మధ్యాహ్నం తీసుకెళ్లారు. మా వాళ్లలో ఆడవాళ్లు శ్మశానానికి పోరు, వీధి చివర ఆగిపోవాలి. ఆగాం. నిప్పు పట్టుకొని ముందు నడుస్తున్న నాయన కూడా ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు.

"మీరూ రాండి" అన్నాడు.

పెద్దాయన ఒకరు "ఏమప్పా, ఇదేం పద్ధతి?" అన్నారు.

నాయన ఆయన వైపు తిరిగాడు. "మా అక్క బండెక్కినోళ్లంతా ఈ ఆడోళ్లే కదన్నా. ఎక్కమంటే ఎక్కనోన్ని నేనొక్కన్నే. నేను ముందర నడిచి, వీళ్లను ఈడ నిలబెట్టేదా?"

పోయాం. వీధిలో ఆడవాళ్లమంతా, ఏడుస్తూ, మధ్యమధ్యలో అత్త చేష్టలు తలచుకొని నవ్వుతూ, కడదాకా పోయాం.

పోయిరా అత్తా. నీకు నెమ్మది దొరకాలని దేవుణ్ణి అడుగుతున్నా. ఒక్కచోట కూర్చుంటే దొరికే నెమ్మది కాదులే, నీకు నచ్చేది.