ఎనిమిదిని రెండు ముక్కలు చేసిన ఓర్సినో

బొలోన్యాలో లెక్కల బడి నడిపే ఓర్సినోకి కోపం ముక్కు మీదే ఉండేదంటారు. ఉండదూ మరి! ఆయనకి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ ఊళ్ళో లెక్కల పంతుళ్ళు చర్చి ముందు నిలబడి పందెం వేసుకునేవారు. ఓడినవాడి బడి గెలిచినవాడి పాలు. పైగా తీర్పరికి విందు కూడా ఓడినవాడే పెట్టాలి! పక్క వీధి పంతులు గాస్పరేకి ఓర్సినో బడి మీద ఎప్పటినుంచో కన్ను.

"ఎనిమిదిని రెండు భాగాలు చెయ్యి చూద్దాం. రెంటినీ హెచ్చవేస్తే ఇరవై రావాలి," అన్నాడు గాస్పరే.

అది కుదరదనే అన్ని బళ్ళలోనూ చెప్పేవారు. ఓర్సినో కూడా ఆ ఒక్క మాట అనేస్తే బడి దక్కేది. అనలేదు. పలక మీద రాయడం మొదలుపెట్టాడు.

"ఎనిమిదిలో సగం నాలుగు. నాలుగు నాలుగులు పదహారు. అందులోంచి ఇరవై తీస్తే, సున్నాకంటే నాలుగు తక్కువ. దాని వర్గమూలాన్ని నాలుగుకి కలిపితే ఒక భాగం, తీసేస్తే రెండోది."

"సున్నాకంటే తక్కువదానికి మూలమేమిటయ్యా? మతి పోయిందా?" గాస్పరే పగలబడి నవ్వాడు.

"కూడి చూడరా! ఆ మూలాలు కొట్టుకుపోయి ఎనిమిదే మిగులుతుంది. హెచ్చవేస్తే, పదహారులోంచి ఆ తక్కువ నాలుగుని తీసెయ్యాలి. తక్కువని తీసేస్తే కలిసినట్టే కదా. ఇరవై వచ్చిందా, లేదా?"

తీర్పరి లత్తాంజియో పలకని పైనుంచి కిందికి చూశాడు. తప్పెక్కడా దొరకలేదు. అయినా సిగ్గు లేకుండా, "అలాంటి సంఖ్య లేదు. ఓర్సినో ఓడాడు," అనేశాడు.

విందు రోజు ఓర్సినో భార్య జినేవ్రా పొయ్యి దగ్గర గిన్నెలు ఎత్తి కుదేసింది. "లేదని ఒక్క ముక్క అంటే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"ఉన్నదాన్ని లేదని ఎలా అననే!" అని అరిచి, ఓర్సినో కాల్చిన పంది మాంసం పళ్ళెం పట్టుకెళ్ళి తీర్పరి ముందు పెట్టాడు.

లత్తాంజియో రెండు ముక్కలు మింగి, గాస్పరే అటు తిరగగానే గొంతు తగ్గించాడు. "ఓర్సినో, ఆ హెచ్చవేత ఇంకోసారి చెప్పవయ్యా. అప్పటినుంచీ నాకు నిద్ర పట్టడం లేదు."

ఓర్సినో ఆయన ముందున్న పళ్ళెం లాగేసుకున్నాడు.

"నువ్వేగా లేదన్నావు! లేనిదాన్ని నేనెలా చెప్పను? లే, నా ఇంట్లోంచి లే!"